థర్మోస్టాట్‌ను పీకేయొద్దు... మార్పించండి!

మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే రహదారి మీద బోనెట్ పైకెత్తి నిలబడ్డ కారు ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. పక్కనే నీళ్ల బాటిల్ పట్టుకుని దిక్కుతోచక నిలబడ్డ యజమాని, చెట్టు నీడ కోసం వెతుక్కుంటున్న పెద్దవాళ్లు, ఏడుస్తున్న పసిపిల్ల. అందుకోవాల్సిన ముహూర్తమో, ఆస్పత్రి అపాయింట్‌మెంటో దాటిపోతుంటుంది. ‘ఇంజిన్ హీటెక్కిందండీ’ అని ఒక్క మాటలో తేల్చేసి, నెపం ఎండ మీదికి నెట్టేస్తాం. ఎండ ఎంత మండినా మంచి స్థితిలో ఉన్న ఇంజిన్ దాన్ని తట్టుకుంటుంది. తట్టుకోలేకపోయిందంటే శీతలీకరణ వ్యవస్థలో ఏదో ఒకటి ముందే దెబ్బతిని ఉండాలి. చాలా కార్లలో ఆ ఏదో ఒకటి గుప్పిట్లో ఇమిడిపోయేంత చిన్నది: థర్మోస్టాట్, దాన్ని ఇంజిన్‌కి బిగించి ఉంచే హౌసింగ్.

ఇంజిన్ ఆయిల్ గురించి అడిగేవాళ్లున్నారు, టైర్లలో గాలి చూసుకునేవాళ్లున్నారు. థర్మోస్టాట్ హౌసింగ్ ఎలా ఉందని సర్వీసింగ్‌లో అడిగేవాళ్లు అరుదు. వందల్లోనో, మహా అయితే కొద్ది వేలల్లోనో పోయే ఈ ముక్కను నిర్లక్ష్యం చేస్తే ఇంజిన్ హెడ్ దింపాల్సి వస్తుంది. అప్పుడు బిల్లు పదుల వేలల్లోకి వెళ్తుంది. అందుకే దీని గురించి వివరంగా తెలుసుకుందాం.

ఎక్కడుంటుంది?

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బోనెట్ ఎత్తండి. రేడియేటర్ పైభాగం నుంచి ఇంజిన్ వైపు వెళ్లే లావుపాటి నల్ల రబ్బరు పైపు కనిపిస్తుంది. దాని వెంటే వెళ్తే ఆ పైపు తొడిగిన వంపు గొట్టం ఒకటి, ఇంజిన్‌కి రెండు మూడు బోల్టులతో బిగించి ఉంటుంది. అదే థర్మోస్టాట్ హౌసింగ్. షెడ్లలో దీన్ని ఎల్బో అనీ, వాటర్ ఔట్‌లెట్ అనీ, థర్మోస్టాట్ బాడీ అనీ పిలుస్తారు. కొన్ని ఇంజిన్లలో ఇది కింది పైపు వైపు, వాటర్ పంపు దగ్గర ఉంటుంది.

చూడ్డానికి మామూలు గొట్టమే అయినా దీని మీద చాలా బాధ్యతలున్నాయి. థర్మోస్టాట్ వాల్వును సరైన స్థానంలో పట్టి ఉంచాలి. కూలెంట్ వేడిని కొలిచే సెన్సర్‌కు చాలా కార్లలో ఇదే చోటు. హీటర్‌కు వెళ్లే పైపు, బైపాస్ పైపు కూడా కొన్నిట్లో దీన్నుంచే చీలతాయి. వీటన్నిటినీ మోస్తూ ఒక్క చుక్క కూడా బయటికి పోనివ్వకుండా చూడాలి.

మైనం చేసే పని

సిలిండర్‌లో ఇంధనం మండినప్పుడు వాయువుల వేడి ఒక్క క్షణం 2000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఇంధనంలోని శక్తిలో దాదాపు మూడో వంతు చక్రాలను తిప్పడానికి కాకుండా కూలెంట్‌లోకి వేడిగా దిగిపోతుంది. ఆ వేడిని తీసుకెళ్లి రేడియేటర్ దగ్గర గాలికి వదిలేయడం కూలెంట్ పని. ఎప్పుడు వదిలేయాలి, ఎంత వదిలేయాలి అన్నది తేల్చేది థర్మోస్టాట్.

కార్లు పుట్టిన తొలిరోజుల్లో ఈ ఏర్పాటు లేదు. ఫోర్డ్ మోడల్ టీలో, మొదట్లో వచ్చిన కొన్ని కార్లు తప్ప మిగతావాటికి వాటర్ పంపు కూడా లేదు. వేడి నీళ్లు పైకి లేస్తాయి, చల్లటి నీళ్లు కిందికి దిగుతాయి అన్న సూత్రం మీదే అవి నడిచాయి. తర్వాత ఆవిరయ్యే ద్రవం నింపిన లోహపు తిత్తులతో థర్మోస్టాట్లు వచ్చాయి. కూలింగ్ వ్యవస్థలో పీడనం పెంచడం మొదలయ్యాక ఆ తిత్తులు సరిగా పనిచేయలేకపోయాయి, ఎందుకంటే పీడనం వాటిని నొక్కేసేది. ఆ చిక్కుకు దారి చూపింది సెర్జియస్ వెర్నెట్. 1934లో ఆయన మైనంతో పనిచేసే థర్మోస్టాట్‌ను కనిపెట్టాడు. ఇన్ని దశాబ్దాల తర్వాతా మన కార్లలో ఉన్నది ఆ సూత్రమే.

వాల్వు మధ్యలో చిన్న ఇత్తడి గొట్టం, అందులో గట్టిగా కూరిన మైనం ఉంటాయి. కూలెంట్ చల్లగా ఉన్నంతసేపూ మైనం గడ్డకట్టి ఉంటుంది. స్ప్రింగు వాల్వును మూసి ఉంచుతుంది. అప్పుడు కూలెంట్ రేడియేటర్ దాకా పోకుండా బైపాస్ దారిలో ఇంజిన్ లోపలే తిరుగుతూ త్వరగా వేడెక్కుతుంది. నిర్ణీత వేడి రాగానే మైనం కరిగి వ్యాకోచిస్తుంది. లోపలున్న సన్నటి కడ్డీని నెడుతుంది. వాల్వు తెరుచుకుని కూలెంట్ రేడియేటర్‌కి వెళ్తుంది. చల్లబడి వస్తే మైనం మళ్లీ గట్టిపడి వాల్వు కొద్దిగా మూసుకుంటుంది. ప్రయాణం ఉన్నంతసేపూ ఇదే పని. కరెంటు లేదు, కంప్యూటర్ ఆజ్ఞ లేదు. కొన్ని కొత్త ఇంజిన్లలో మాత్రం మైనాన్ని అవసరమైనప్పుడు ముందే కరిగించడానికి చిన్న విద్యుత్ హీటర్ కూడా పెడుతున్నారు.

ఎంత వేడికి తెరుచుకోవాలో వాల్వు మీదే ముద్రించి ఉంటుంది. 82, 88 లాంటి అంకెలు ఎక్కువగా కనిపిస్తాయి. అది తెరుచుకోవడం మొదలయ్యే డిగ్రీ. మరో 10 నుంచి 15 డిగ్రీలు పెరిగేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది.

ఇది కళ్లారా చూడొచ్చు. వంటకు వాడని పాత గిన్నెలో నీళ్లు పోసి, విప్పిన 82 డిగ్రీల థర్మోస్టాట్‌ను దారంతో అడుగు తగలకుండా వేలాడదీయండి. పక్కనే వంద డిగ్రీల దాకా కొలిచే థర్మామీటర్ ఉంచి కింద మంట పెట్టండి. 70, 75, 80... వాల్వు కదలదు. 82 దగ్గర పళ్లెం అంచున వెంట్రుకవాసి సందు కనిపిస్తుంది. నీళ్లు మరగడానికి సిద్ధమయ్యేసరికి ఆ సందు దాదాపు 8 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. గిన్నె దించి చల్లారనిస్తే మెల్లగా, చప్పుడు లేకుండా మూసుకుంటుంది. మూసుకోకపోయినా, అరకొరగా తెరుచుకున్నా ఆ వాల్వు పని అయిపోయినట్టే. పాత వాల్వు బాగుందో లేదో తేల్చడానికి ఇంతకంటే నమ్మకమైన పరీక్ష లేదు.

‘మన ఎండలకి ఇదెందుకు సార్?’

తెలుగునాట ఏ షెడ్డుకి వెళ్లినా ఇలాంటి సంభాషణ ఒకటి చెవిన పడుతుంది.

“సార్, మన ఎండలకి ఈ వాల్వు అక్కర్లేదండీ. చలి దేశాలోళ్ల కోసం పెట్టింది ఇది. పీకేస్తే నీళ్లు ఫ్రీగా తిరుగుతాయి. ఇంకెప్పుడూ హీటెక్కదు.”

“అంతేనంటావా బాబూ?”

“నాది పూచీ సార్.”

ఆ మెకానిక్ మోసం చేయడం లేదు. తన గురువు దగ్గర నేర్చుకున్నదే చెబుతున్నాడు. అంబాసిడర్ల కాలంలో పుట్టిన అలవాటు ఇది. అంబాసిడర్ పాత ఇంజిన్‌లో బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. కార్బురేటర్ బండి కాబట్టి వేడి లెక్కలు చూసుకునే కంప్యూటర్ లేదు. రేడియేటర్‌లో బోరునీళ్లు పోసి పోసి సున్నం పేరుకుపోయేది. వాల్వు బిగుసుకుపోతే కొత్తది దొరకడం కష్టం. అలాంటప్పుడు పీకేసి బండిని రోడ్డెక్కించడం ఆనాటి అవసరం. ఇనుప ఇంజిన్ ఆ మొరటు వైద్యాన్ని ఓర్చుకుంది. ఇప్పటి అల్యూమినియం హెడ్ ఓర్చుకోదు.

అసలు మన ఎండకీ థర్మోస్టాట్‌కీ ఉన్న సంబంధం ఏమిటో లెక్క చూద్దాం. రెంటచింతలలోనో, రామగుండంలోనో, కొత్తగూడెంలోనో ఎండ 46 డిగ్రీలకు చేరిందనుకోండి. ఇంజిన్‌కి కావలసింది 90 డిగ్రీల చుట్టుపక్కల వేడి. అంటే మన దగ్గర మండువేసవిలో కూడా ఇంజిన్ మరో 40 డిగ్రీలకు పైగా వేడెక్కాల్సిందే. ఇంజిన్ దృష్టిలో మన రెంటచింతల కూడా చల్లటి ఊరే!

ఆ వేడి చేరకపోతే ఏమవుతుంది? లీటరు పెట్రోలు మండితే సుమారు లీటరు నీరు పుడుతుంది. అందులో ఎక్కువ భాగం ఆవిరై సైలెన్సర్ గుండా పోతుంది. కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి దిగుతుంది. ఇంజిన్ వేడిగా ఉంటే ఆ తేమ ఆవిరై బయటికి పోతుంది. చల్లగా ఉంటే ఆయిల్‌లో కలిసిపోతుంది. సరిగా మండని ఇంధనమూ దానికి తోడవుతుంది. ఆయిల్ పలచబడి, తర్వాత చిక్కటి మడ్డిగా మారి ఆయిల్ దారులను మూసేస్తుంది. పిల్లల్ని బడిలో దింపి రావడం, కూరగాయల బజారుకి వెళ్లి రావడం లాంటి చిన్న ప్రయాణాలే చేసే కార్లకు ఈ నష్టం మరీ ఎక్కువ.

ఇప్పటి ఇంజిన్లలో ఎంత ఇంధనం చిమ్మాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. సెన్సర్ చల్లదనం చూపిస్తున్నంతసేపూ అది అదనంగా పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది. నిర్ణీత సమయంలో ఇంజిన్ వేడెక్కకపోతే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. స్కానర్ పెడితే ‘పీ0128’ అనే కోడ్ వస్తుంది. కూలెంట్ థర్మోస్టాట్ స్థాయికి వేడెక్కడం లేదని దానర్థం. గ్యాస్ కార్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. సిలిండర్‌లోంచి వచ్చే గ్యాస్ పీడనం తగ్గేటప్పుడు రెగ్యులేటర్ చల్లబడిపోతుంది. దాన్ని వెచ్చగా ఉంచేది కూలెంటే.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటుంది. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్‌కు కింద రెండో పళ్లెం ఉంటుంది. పైన రేడియేటర్ దారి తెరుచుకుంటున్నకొద్దీ ఇది కిందనున్న బైపాస్ దారిని మూసేస్తుంది. వాల్వు పీకేస్తే బైపాస్ ఎప్పటికీ తెరిచే ఉంటుంది. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు, ఐదుగురిని కూర్చోబెట్టుకుని ఏసీ వేసుకుని వెళ్లేటప్పుడు, కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే వేడివేడిగా తిరిగి ఇంజిన్‌లోకి వెళ్తుంది. అంటే హీటెక్కకూడదని వాల్వు తీసేసిన కారే సరిగ్గా కష్టమైన చోట హీటెక్కుతుంది. మామూలు రోడ్డు మీద చల్లబడిపోయి ఆయిల్‌ను పాడుచేస్తుంది. రెండు వైపులా నష్టమే.

హౌసింగ్ ఎందుకు పగులుతుంది?

వాల్వు బాగున్నా హౌసింగ్ దెబ్బతింటే అదే ప్రమాదం. దాన్ని అర్థం చేసుకోవాలంటే వంటింట్లోని ప్రెషర్ కుక్కర్‌ను గుర్తు చేసుకుంటే చాలు. మూత బిగిస్తే లోపల పీడనం పెరిగి నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగవు. రేడియేటర్ మూత చేసేదీ అదే. చాలా కార్లలో అది సుమారు 1 బార్ పీడనాన్ని పట్టి ఉంచుతుంది. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపిన మిశ్రమం మామూలుగా 106, 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ పీడనంలో దాదాపు 129 డిగ్రీల దాకా మరగకుండా నిలుస్తుంది. ఘాట్ రోడ్లలో, ట్రాఫిక్ జాముల్లో ఇంజిన్‌ని కాపాడేది ఈ అదనపు ఇరవై డిగ్రీలే.

హౌసింగ్‌లో వెంట్రుకంత పగులు వచ్చినా ఆ పీడనం నిలవదు. బయటికి పోయేది రోజుకి నాలుగు చుక్కలే అయినా నష్టం చుక్కల్లో లేదు, పోయిన పీడనంలో ఉంది. పీడనం పట్టని కారు కూలెంట్ కాకుండా వట్టి నీళ్లతో తిరుమల కొండ ఎక్కుతోందనుకోండి. అంత ఎత్తులో నీళ్లు సుమారు 97 డిగ్రీలకే మరిగిపోతాయి. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకునే వేడీ, నీళ్లు మరిగే వేడీ ఒకే చోటికి వచ్చేస్తాయి. పైకి ఎక్కే దారిలో ఇంజిన్ మీద బరువు ఎక్కువ, బండి వేగం తక్కువ కాబట్టి రేడియేటర్‌కి తగిలే గాలీ తక్కువే. ఇక బోనెట్ సందుల్లోంచి పొగలు రావడంలో ఆశ్చర్యం లేదు.

పాత కార్లలో హౌసింగ్‌ను అల్యూమినియంతో పోత పోసేవారు. దాని శత్రువు మన బోరునీళ్లు. వాటిలోని లవణాలు అల్యూమినియాన్ని తినేస్తాయి. పైపు విప్పి చూస్తే హౌసింగ్ మెడ చుట్టూ తెల్లటి పొడి, దాని కింద సూదితో పొడిచినట్టు గుంటలు కనిపిస్తాయి. ఆ గుంటల మీద ఎంత గట్టిగా క్లిప్పు బిగించినా చెమ్మ ఆగదు. ఇప్పుడు చాలా కార్లలో గాజుపీచు కలిపిన నైలాన్ హౌసింగ్‌లు వస్తున్నాయి. ఇవి తేలిక, తుప్పు పట్టవు. కాకపోతే రోజూ వేడెక్కడం, చల్లారడం, వేడి కూలెంట్‌లో నానుతూ ఉండడం వల్ల ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కుతాయి. అచ్చులో రెండు సగాలు కలిసిన గీత వెంబడో, బోల్టు చెవి దగ్గరో చీలతాయి. ఇంజిన్‌కి ఆనుకునే అంచు కొద్దిగా వంకరపోతుంది.

పాడైపోయిన ప్లాస్టిక్ హౌసింగ్‌ను చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూడండి. బయటివైపు మసిబారి మామూలుగానే ఉంటుంది. మెడ మొదట్లో గులాబీ రంగులోనో, పచ్చగానో ఎండిపోయిన చార ఒకటి గోడ మీద చెమ్మ దిగినట్టు కిందికి పాకి ఉంటుంది. గోటితో గీరితే పొడిగా రాలుతుంది. దాని కింద సన్నటి గీత. రెండు వేళ్లతో మెడను కాస్త వంచితే ఆ గీత తెరుచుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, పీడనం ఎక్కాకే తెరుచుకునే పగులు అది. అందుకే బండి ఆపి ఉన్నప్పుడు ‘ఎక్కడా లీకేజీ లేదు సార్’ అంటారు, కూలెంట్ మాత్రం నెలనెలా తగ్గిపోతూనే ఉంటుంది.

కారు ముందే చెబుతుంది

ఈ లక్షణాల్లో ఏది కనిపించినా షెడ్డుకి తీసుకెళ్లండి.

• రిజర్వ్ డబ్బాలో కూలెంట్ మట్టం తరచూ తగ్గుతోంది. మంచి స్థితిలో ఉన్న కారులో నెలలు గడిచినా పెద్దగా తేడా రాకూడదు.

• బండి ఆపిన చోట నేల మీద మరకలు పడుతున్నాయి. ఏసీ నీళ్లయితే రంగు, వాసన ఉండవు. కూలెంట్‌కి రంగుంటుంది, వేళ్ల మధ్య జారుతుంది, వాసన తియ్యగా ఉంటుంది.

• టెంపరేచర్ ముల్లు హైవే ఎక్కగానే కిందికి దిగిపోతోంది. మీటర్ లేని చిన్న కార్లలో అయితే స్టార్ట్ చేయగానే వెలిగే నీలం లైటు చాలాసేపటి దాకా ఆరడం లేదు. వాల్వు తెరుచుకుని బిగుసుకుపోయిందని అనుమానించాలి.

• ముల్లు పైకి ఎగబాకుతోంది, లేదా ఎర్ర లైటు వెలుగుతోంది. ఇంజిన్ కాలిపోతున్నా రేడియేటర్ పై పైపు చల్లగానే ఉంటే వాల్వు మూసుకుపోయి ఉండొచ్చు.

• మైలేజీ కారణం లేకుండా పడిపోయింది, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది.

ఒక హెచ్చరిక. చాలా కార్లలో ముల్లు కొంత మేర హెచ్చుతగ్గులను దాచిపెట్టి మధ్యలోనే నిలబడేలా తయారుచేస్తారు. అది మధ్యలో ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. పైగా కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్‌కి తగలడానికి ద్రవమే ఉండదు. అప్పుడు ఇంజిన్ మాడిపోతున్నా ముల్లు తప్పుడు లెక్క చూపించొచ్చు. అందుకే మీటర్‌తో పాటు డబ్బాలో మట్టాన్ని కూడా కళ్లతో చూసుకోవాలి.

దారిలో హీటెక్కితే

ముల్లు ఎరుపు వైపు వెళ్తుంటే ముందు ఏసీ ఆపేయండి. హీటర్‌ని పూర్తిగా తిప్పి, బ్లోయర్ పెంచండి. ఎండాకాలంలో హీటరా అని తటపటాయించొద్దు. అది ఇంజిన్ వేడిని కొంత కారులోకి లాగేసే మరో చిన్న రేడియేటర్. కిటికీలు తెరిచి, సురక్షితమైన చోటు చూసుకుని రోడ్డు పక్కకి తీయండి. ముల్లు దిగకపోయినా, ఆవిరి కనిపించినా వెంటనే ఇంజిన్ ఆపేయాలి. ‘ఇంకో రెండు కిలోమీటర్లలో ఊరొస్తుంది’ అనుకుని లాగించడమే హెడ్ పోవడానికి అసలు కారణం. అల్యూమినియం హెడ్ వంగితే ఎంత వంపు దాకా సహించొచ్చో తెలుసా? చాలా ఇంజిన్లకు 0.05 మిల్లీమీటర్లు. అది దాటితే హెడ్ దింపి ఫేసింగ్ చేయించాలి, లేదా కొత్తది వేయాలి. హెడ్ గ్యాస్కెట్ పోతే ఆయిల్ మూత కింద మజ్జిగ రంగు నురగ, సైలెన్సర్‌లోంచి ఆగని తెల్లపొగ కనిపిస్తాయి.

రేడియేటర్ మూతను వేడి మీద తిప్పకండి. పీడనం ఒక్కసారిగా పోగానే వంద డిగ్రీలు దాటిన కూలెంట్ ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. కనీసం అరగంట ఆగాలి. పై పైపును చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక, గుడ్డ వేసి, కొద్దికొద్దిగా తిప్పాలి. కాలుతున్న ఇంజిన్ మీద చల్లటి నీళ్లు గుమ్మరించకూడదు. లోహం ఒక్కసారిగా ముడుచుకుని పగులుతుంది. గత్యంతరం లేక తాగునీళ్లు పోసి ఇంటికి చేరితే, ఆ తర్వాత లీకు బాగు చేయించి ఆ నీళ్లు తీసేసి సరైన కూలెంట్ నింపించండి.

మార్చడం ఎలా?

పనిముట్లు వాడటం తెలిసినవాళ్లు కొన్ని కార్లకు దీన్ని ఇంటి దగ్గరే మార్చుకోగలరు. షెడ్డులో చేయిస్తున్నా పని ఎలా జరగాలో తెలిసి ఉంటే దగ్గరుండి చూసుకోవచ్చు.

పొద్దున్నే, రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద పని మొదలుపెట్టాలి. కింద శుభ్రమైన ట్రే పెట్టి కూలెంట్‌ను దించాలి. దాన్ని నేల మీదా, కాలవలోకీ పారబోయకూడదు. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. కుక్కలు, పిల్లులు నాకితే చచ్చిపోతాయి. పిల్లలకు అందితే ప్రాణాపాయం. మూత ఉన్న డబ్బాలో పోసి, మీద రాసిపెట్టి, పాత ఆయిల్‌తో పాటు సర్వీస్ సెంటర్‌కి అప్పగించాలి. శీతల పానీయం సీసాల్లో మాత్రం ఎప్పుడూ నింపకండి.

అడ్డంగా ఉన్న గాలి పైపు, ఫిల్టర్ పెట్టె తీసేముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు తికమక ఉండదు. సెన్సర్ కనెక్టర్‌ను లాక్ నొక్కి లాగాలి, తీగ పట్టుకుని కాదు. పైపు ఏళ్ల తరబడి అతుక్కుపోయి ఉంటుంది. స్క్రూడ్రైవర్ దూర్చి పెకలిస్తే మెడ మీద గాటు పడి అక్కడే లీకు మొదలవుతుంది. క్లిప్పు వెనక్కి జరిపి, పైపును అటూ ఇటూ మెలితిప్పి వదులు చేయాలి. పైపు ఉబ్బినా, మెత్తబడినా, పగుళ్లు కనిపించినా అదీ కొత్తది వేయాలి.

బోల్టులు చాలా కార్లలో చిన్నవి. మొండికేస్తే తుప్పు వదిలించే ద్రవం వేసి కాసేపు ఆగాలి. బలం చూపిస్తే అల్యూమినియంలో బోల్టు విరిగిపోతుంది. అప్పుడు గంట పని రోజు పని అవుతుంది. హౌసింగ్ ఊడాక ఇంజిన్ వైపు ముఖాన్ని జాగ్రత్తగా శుభ్రం చేయాలి. పాత ప్యాకింగ్ ముక్కలు లోపల పడకుండా గుడ్డ అడ్డం పెట్టాలి. గరుకు కాగితంతో అరగదీస్తే ముఖం పల్లమైపోతుంది.

కొత్త వాల్వు పెట్టేటప్పుడు రెండు విషయాలు చూడాలి. మైనం గొట్టం, స్ప్రింగు ఉన్న వైపు ఇంజిన్ వైపుకి, అంటే వేడి కూలెంట్ తగిలే వైపుకి ఉండాలి. తిరగేసి పెడితే సమయానికి తెరుచుకోదు. పళ్లెం అంచున చిన్న రంధ్రంలో కదిలే పిన్ను ఉంటే, కంపెనీ వేరేలా చెప్పకపోతే అది గడియారంలో 12 అంకె ఉండే చోటికి రావాలి. చిక్కుకున్న గాలి బయటికి పోయే దారి అదే. రబ్బరు రింగు తప్పనిసరిగా కొత్తది వేయాలి. రింగు ఉన్నచోట షెల్లాక్, సిలికాన్ పేస్టు పూయడం తప్పు. అదనపు పేస్టు లోపలికి రాలి సన్నటి దారులకు అడ్డుపడుతుంది. బోల్టులను ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించాలి. ఆరు మిల్లీమీటర్ల బోల్టులకు సాధారణంగా 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. మీ కారు మాన్యువల్ చెప్పిన అంకె దీనికంటే ముఖ్యం. ప్లాస్టిక్ హౌసింగ్‌లు కొన్ని కొత్తగా వేసిన రోజే పగలడానికి కారణం ‘ఇంకో చుట్టు’ బిగించడం.

ఇక కూలెంట్. రంగు చూసి కొనొద్దు, మాన్యువల్ చూసి కొనండి. ఆకుపచ్చ, గులాబీ అన్నవి కలిపిన రంగులు మాత్రమే, కంపెనీకో తీరు. వేర్వేరు రసాయన రకాలను కలిపితే తుప్పును ఆపే గుణం దెబ్బతింటుంది. నేరుగా పోసేలా కలిపి అమ్మేది కాకపోతే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపాలి. చలి లేని మనకు కూలెంట్ ఎందుకని అడిగేవాళ్లకు జవాబు ఇదే: మరిగే స్థాయిని పెంచడం, తుప్పును ఆపడం మనకూ కావాలి.

నింపాక గాలి తీయడం అసలైన పని. గాలి బుడగ థర్మోస్టాట్ దగ్గర నిలిచిపోతే కొత్త వాల్వు కూడా వేడి తెలియక ఆలస్యంగా తెరుచుకుంటుంది. హీటర్‌ని పూర్తి వేడిలో పెట్టి, మెల్లగా పోస్తూ, బ్లీడ్ స్క్రూ ఉంటే దాన్ని వదులు చేసి బుడగలు ఆగేదాకా ఉంచాలి. మాన్యువల్ చెప్పిన పద్ధతిలో ఇంజిన్ నడుపుతూ, రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ముల్లును గమనించాలి. ఫ్యాన్ హఠాత్తుగా తిరుగుతుంది కాబట్టి చేతులు, చున్నీలు దూరంగా ఉండాలి. మర్నాడు పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్లీ చూసి, తగ్గితే కలపాలి. హౌసింగ్ అంచు చుట్టూ తెల్ల కాగితం రుమాలుతో తుడిచి చూడండి. రంగు అంటకపోతే పని సక్రమంగా జరిగినట్టు.

షెడ్డులో అడగాల్సినవి

• పాత వాల్వు, హౌసింగ్ నాకు చూపిస్తారా? మార్చిన భాగాలు చూడటం మీ హక్కు.

• కొత్త వాల్వు మీద డిగ్రీల అంకె కంపెనీ చెప్పినదేనా? చల్లగా ఉంటుందని తక్కువ డిగ్రీలది వేయించుకోవద్దు.

• హౌసింగ్‌తో పాటు రింగు, క్లిప్పులు కొత్తవి వేస్తున్నారా? రేడియేటర్ మూత రబ్బరు చూశారా?

• ఏ రకం కూలెంట్ పోస్తున్నారు, ఏ నీళ్లు కలుపుతున్నారు?

• గాలి తీశారా? ఫ్యాన్ తిరిగేదాకా పరీక్షించారా?

ఈ ప్రశ్నలు అడిగితే మంచి మెకానిక్ నొచ్చుకోడు. ఇష్టంగా చూపిస్తాడు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట చదువుకునే వయసులో స్పానర్ పట్టి, శబ్దం విని జబ్బు చెప్పగల మేస్త్రులు మనకున్నారు. ‘పీకేద్దాం సార్’ అన్న మాట వాళ్ల అజ్ఞానం అనడం అన్యాయం. ‘తక్కువలో కానిచ్చేయ్’ అని మనం పెట్టే ఒత్తిడికీ అందులో వాటా ఉంది. సరైన భాగానికి డబ్బు ఇస్తామని మనం గట్టిగా చెబితే సరైన పని చేసే చేతులు వాళ్ల దగ్గర ఉన్నాయి.

వాటర్ పంపు మార్పిస్తున్నా, టైమింగ్ బెల్ట్ పని చేయిస్తున్నా, కూలెంట్ దించిన ఆ పూటే థర్మోస్టాట్ కూడా మార్పించుకోవడం తెలివైన పని. కూలీ మళ్లీ పెట్టక్కర్లేదు. పదేళ్లు దాటిన కారులో ప్లాస్టిక్ హౌసింగ్ ఇంకా మొదటిదే అయితే, కారే దాకా ఆగకుండా మార్పించేయండి. పాత కారు కొంటున్నప్పుడు ‘థర్మోస్టాట్ ఉందా, తీసేశారా?’ అని అడగండి. తీసేసి ఉంటే, సరిపోయే వాల్వు వేయించాకే బండి నడపండి.

వేసవి ప్రయాణాలకు బయల్దేరే ముందు ఒక్క ఉదయం, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, బోనెట్ ఎత్తండి. కూలెంట్ మట్టం, హౌసింగ్ చుట్టూ మరకలు, పైపుల గట్టిదనం చూడటానికి పది నిమిషాలు చాలు. తేడా కనిపిస్తే ఆ వారమే మార్పించండి. మెకానిక్ పీకేస్తానంటే వద్దనండి. కారులో కూర్చునేది మన పిల్లలు, మన పెద్దవాళ్లు. వాళ్లను మండుటెండలో రోడ్డు పక్కన నిలబెట్టకుండా చూసుకోవడం మన చేతిలోనే ఉంది.